ఎలుక నుంచి బిడ్డ కంచానికి వచ్చే తూములు మూసేద్దాం రండి!

ఊరి ప్రజలకు ఒక ఆడపడుచు విన్నపం

అన్నయ్యలూ, వదినలూ, పెద్దలూ, పిల్లల తల్లులూ!

దాళ్వా కోతలు అయిపోయాయి. చేలు ఖాళీ అయ్యాయి. చేలో గింజ దొరకని ఎలుక ఇప్పుడు ఎటు వస్తుందో మీకు ఒకరు చెప్పాలా? గడ్డివాములోకి వస్తుంది. గాదె కిందికి, అటక మీదికి, బడి వంటగదిలోకి వస్తుంది. ఏటా వస్తూనే ఉంది. ఏటా మనం ఒకే లెక్క వేస్తున్నాం: ఎకరానికి ఎన్ని బస్తాలు పోయాయి, ఎన్ని గట్లు గుల్లయ్యాయి, ఎన్ని గోతాలు కొరికేసింది అని. ఇంకో లెక్క ఉంది. అది మన పిల్లల కడుపులో ఉంది. ఆ లెక్క చెప్పడానికే ఈ కరపత్రం వేయించాను. దయచేసి చివరిదాకా చదవండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో మైక్రోస్కోపు ముందు కూర్చుని పనిచేసి, రిటైరై, పుట్టిన ఊరు చేరాను. రక్తం, కఫం, మలం పరీక్షించడమే నా ఉద్యోగం. ఆ గాజు పలకల మీద నేను చూసింది మీకు తెలియాలి.

ఆరేళ్ల పిల్లాడు, ఆరు కొంకుల గుడ్డు

నా సర్వీసు చివరి రోజుల్లో ఒక తల్లి ఆరేళ్ల కొడుకుని తీసుకొచ్చింది. నెలల తరబడి కడుపునొప్పి. తిన్నది ఒంటబట్టదు. ఊరికే చిరాకు పడతాడు. నులిపురుగుల మాత్ర రెండుసార్లు వేశారు, తగ్గలేదు. పలక మీద కాస్త మలం, ఒక చుక్క సెలైను, పైన పల్చటి గాజుబిళ్ల. కటకం తిప్పుతూ వెతికాను. కనపడింది. గుండ్రంగా, తేనె రంగులో, మందపాటి పెంకుతో ఒక గుడ్డు. లోపల ఇంకో గుండ్రటి పొర. ఆ పొరలో సన్నటి ఆరు కొంకులు, విసనకర్ర ఈనెల్లా విచ్చుకుని ఉన్నాయి.

అది ఎలుక బద్దెపురుగు గుడ్డు. శాస్త్రవేత్తలు దాన్ని హైమెనోలెపిస్ డిమిన్యూటా అంటారు.

"ఎలుక పురుగు నా బిడ్డ కడుపులోకి ఎలా వచ్చిందండీ? ఆడు ఎలుకను చూస్తే ఆమడ దూరం పరిగెడతాడండీ!" అని ఆ తల్లి నివ్వెరపోయింది.

"పచ్చిగా ఏం తింటాడమ్మా?" అని అడిగాను. అటుకులూ బెల్లమూ అంటే ప్రాణమట. అటుకుల డబ్బా తెమ్మన్నాను. మర్నాడు తెచ్చింది. మూత వంకరపోయిన పాత రేకు డబ్బా. అడుగున ఎర్రటి పిండిపురుగులు కదులుతున్నాయి. ఒక మూల మూడు ఎలుక పెంటికలు ఎండిపోయి ఉన్నాయి. దారి మొత్తం ఆ డబ్బాలోనే కనిపించింది.

ఎలుక పేగులో ఈ బద్దెపురుగు 20 నుంచి 60 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దాని గుడ్లు పెంటికలతో బయటపడతాయి. ధాన్యంలో, పిండిలో తిరిగే పెంకుపురుగు ఆ గుడ్లను తింటుంది. దాని పొట్టలో గుడ్డు పగిలి, పిల్లపురుగు తయారై కాచుక్కూర్చుంటుంది. అటుకులతో పాటు ఆ పెంకుపురుగును మన పిల్లాడు నమిలి మింగితే, పిల్లపురుగు వాడి పేగుకు అతుక్కుని బద్దెపురుగుగా పెరుగుతుంది. మన దేశంలో పల్లె పిల్లల్లో ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో ఎన్నోసార్లు నమోదయ్యాయి.

ఆ పిల్లాడికి డాక్టరుగారు ప్రాజిక్వాంటెల్ మందు ఇచ్చారు. తర్వాత పరీక్ష చేస్తే గుడ్లు లేవు. ఆ తల్లి డబ్బా మార్చింది. మందు పురుగును చంపింది, కొత్త డబ్బా మళ్లీ రాకుండా ఆపింది. ఆ రెండో పనికి డాక్టరు అక్కర్లేదు. అది మన చేతిలో పని.

తూము మన చేతిలో ఉంది

గోదారికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర నిలబడి మనం ఆపగలమా? ఆపలేం. కానీ మన చేనుకున్న తూము మూసుకోగలం. ఎలుకల సంగతీ అంతే. పందికొక్కు, పొలం ఎలుక, చిట్టెలుక, ఇంటి ఎలుక అన్నిటినీ భూమ్మీద లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు. వాటి కడుపులో పురుగులు లేకుండా చేయడమూ కాదు. అయితే ఆ పురుగుకు కాళ్లు లేవు, రెక్కలు లేవు. ఎలుక పొట్టలోంచి మన పొట్టలోకి దానంతట అది నడిచి రాలేదు. పిండిపురుగో, నత్తో, మట్టో మోసుకురావాలి. ఆ మోసుకొచ్చే దారులే తూములు. అవి నాలుగున్నాయి. నాలుగూ మూయడానికి పెద్ద ఖర్చు లేదు. కాకపోతే అందరూ మూయాలి. పైచేను వాడు మూసి కిందిచేను వాడు వదిలేస్తే నీళ్లు ఆగుతాయా?

మొదటి తూము: అటుకుల డబ్బా

వండితే పిల్లపురుగు చస్తుంది. కాబట్టి అన్నం, జావ, రొట్టె దగ్గర భయం లేదు. భయమంతా పచ్చిగా తినేవాటి దగ్గరే: అటుకులు, మరమరాలు, పుట్నాలు, సత్తుపిండి, ఎండు ఖర్జూరాలు, పొయ్యెక్కించకుండా కలిపి పెట్టే పొడులు.

వదినలూ, ఈ పనులు ఈ వారమే చేయండి. పచ్చిగా తినే సరుకును మూత బిగుసుకునే స్టీలు డబ్బాలోకి మార్చండి. ప్లాస్టిక్కును ఎలుక కొరికేస్తుంది. వారానికోసారి చేటలో పోసి చెరగండి, జల్లించండి, ఎండలో ఆరబోయండి. పురుగు పట్టిన పిండిని "జల్లిస్తే సరిపోతుందిలే" అని పిల్లలకు పచ్చిగా పెట్టొద్దు. పెంటిక కనపడితే మొహమాటం లేకుండా పారబోయండి. పది రూపాయల అటుకులు పోతాయని చూసుకుంటే, పిల్లాడి కడుపునొప్పికి ఆటో ఖర్చే ఎక్కువవుతుంది.

బియ్యం బస్తాలు నేల మీద, గోడకు ఆనించి వేయకండి. చెక్క బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చండి. గోడకూ బస్తాకూ మధ్య చీకటి సందు ఉంటే ఎలుక కాపురం పెట్టేది అక్కడే. చిటికెన వేలు దూరే సందు చిట్టెలుకకు గుమ్మంతో సమానం. తలుపు కింద రేకు కొట్టించండి, గోడ కన్నాలు సిమెంటుతో పూడ్పించండి.

రెండో తూము: నత్త, ఆకుకూర

రెండో పురుగు పేరు ఎలుక ఊపిరితిత్తి పురుగు, ఆంజియోస్ట్రాంజిలస్ కాంటొనెన్సిస్. చైనాలోని కాంటన్, అంటే నేటి గ్వాంగ్‌జౌ నగరపు ఎలుకల్లో 1930లలో చెన్ అనే శాస్త్రవేత్త దీన్ని గుర్తించారు. మనిషికి సోకిన తొలి కేసు తైవాన్‌లో 1945లో వెల్లడైంది. 2008 నాటికి దాదాపు 30 దేశాల్లో 2,800కు పైగా కేసులు లెక్కకు వచ్చాయి.

ఈ పురుగు ఎలుక ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉంటుంది. దాని పిల్లలు గొంతులోకి పాకి, మళ్లీ మింగబడి, పెంటికల్లో బయటికొస్తాయి. ఆ పెంటికల మీద పాకిన నత్త, చిప్పలేని నత్త వాటిని ఒంట్లో ఎక్కించుకుంటాయి. ఆ నత్తను పచ్చిగా గానీ, సగం ఉడికించి గానీ మనిషి తింటే, లేదా దాని ముక్క అంటుకున్న ఆకును కడగకుండా తింటే, పురుగు పిల్ల మనిషి మెదడుకు పోతుంది. ఎలుకలో అయితే అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకు దిగి గుడ్లు పెడుతుంది. మనిషిలో దానికి దారి తెలియదు. మెదడులోనే చస్తుంది. చస్తూ మెదడు పొరలను వాచేలా చేస్తుంది. భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, వాంతులు, చర్మం మీద మంటలు, తిమ్మిర్లు వస్తాయి.

చాలామంది కోలుకుంటారు. అందరూ కోలుకోరు. ఆస్ట్రేలియాలో 19 ఏళ్ల కుర్రాడు 2010లో స్నేహితుల పందెం మీద చిప్పలేని నత్తను మింగాడు. 420 రోజులు కోమాలో ఉన్నాడు. లేచాక కాళ్లూ చేతులూ పడిపోయి, 2018లో కన్నుమూశాడు. 2006లో బీజింగ్‌లో సరిగ్గా ఉడకని నత్తలు తిని 160 మంది ఈ జబ్బు పాలయ్యారు.

అవి పరాయి దేశాలు కదా అనుకోకండి. మన దక్షిణాదిలోనే ఉన్న కేరళలో ఈ జబ్బు కేసులున్నాయి. వాటిలో కొన్ని పచ్చి ఉడుము మాంసం తినడం వల్ల వచ్చాయి. ఉడుము నత్తలను తింటుంది కాబట్టి పురుగు దానిలోకీ చేరుతుంది. ఆయాసానికి మంచిదనీ, బలమనీ ఎవరైనా పచ్చి ఉడుము కార్జం, నెత్తురు ఇస్తామంటే దణ్ణం పెట్టి పంపేయండి. ఉడుమును చంపడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

ఇక ఆఫ్రికా నత్త సంగతి. అరచేయంత పెద్ద చిప్పతో, వాన పడితే గోడలెక్కే ఆ నత్తను 1847లో కలకత్తాలో వదిలారు. అక్కణ్ణుంచి దేశమంతా పాకింది. మన తీర జిల్లాల తోటల్లోనూ కనిపిస్తోంది. ఎలుక ఊపిరితిత్తి పురుగును మోయడంలో దానిది పెద్ద చెయ్యి. పిల్లలు వాటిని ఏరి ఆడుకుంటున్నారు. ఆడనివ్వకండి. తోటలో కనిపిస్తే చేతికి కవరు తొడుక్కుని ఏరి, గట్టి ఉప్పునీళ్ల బకెట్టులో వేసి, చచ్చాక లోతుగా పూడ్చండి.

మన చెరువుల్లో, బోదెల్లో దొరికే నత్తల కూర తరతరాలుగా మన ఇళ్లలో ఉంది. దాన్ని మానమని నేను అనను. పేదవాడికి దొరికే మంచి మాంసం అది. బాగా ఉడికించండి అంటున్నాను. నీళ్లు తెర్లాక కనీసం అయిదు నిమిషాలు ఆ నీళ్లలోనే ఉంచి, తర్వాత గుల్ల తీసి, కూరగా మళ్లీ వండండి. రొయ్యల చెరువులకు మేత కోసం నత్తలు కొట్టే అక్కలారా, ఆ చేతులతో పాన్ మడవకండి, బిడ్డకు ముద్ద పెట్టకండి. సబ్బుతో కడుక్కున్నాకే.

ఆకుకూర మీద నత్త పాకిన జిగురు చార ఎండితే వెండి గీతలా మెరుస్తుంది. అలాంటి ఆకు ఏరి పారేయండి. తోటకూర, గోంగూర ఎలాగూ ఉడుకుతాయి. పచ్చిగా చల్లే కొత్తిమీర, పుదీనా, పచ్చిగా కొరికే ముల్లంగి, కీరా విషయంలో జాగ్రత్త. కట్ట విప్పి, ఆకు ఆకూ విడదీసి, పారే నీళ్లలో కడగండి. తాగేనీళ్ల తొట్టికి మూత ఉండాలి. నత్త పడి చస్తే ఆ నీళ్లూ నమ్మదగినవి కావు.

ఇంకొక్క మాట. తలనొప్పితో, మెడ నొప్పితో ఆసుపత్రికి వెళ్తే, గడిచిన నెలలో నత్త, పీత, రొయ్య ఏదైనా సగం పచ్చిగా తిన్నారేమో డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరుకు సగం దారి తెలుస్తుంది.

మూడో తూము: చచ్చిన ఎలుక

మందు పెడతాం. ఎలుక చస్తుంది. దాన్ని తోక పట్టుకుని రోడ్డు మీదికో కాలువలోకో విసిరేస్తాం. పని అయిపోయిందనుకుంటాం. మూడో పురుగుకు కావాల్సింది సరిగ్గా అదే.

కాలోడియం హెపాటికం అనే వెంట్రుకలాంటి పురుగు ఒకటుంది. అది ఎలుక కార్జంలో కాపురం పెట్టి, అక్కడే వేలాది గుడ్లు పెడుతుంది. ఎలుక బతికున్నంత కాలం ఆ గుడ్లకు బయటపడే దారి లేదు. ఎలుక చచ్చి కుళ్లితే మట్టిలో కలుస్తాయి. కుక్కో పిల్లో ఎలుకను తింటే వాటి మలంతో బయటపడి ఊరంతా చల్లుకుంటాయి. మట్టిలో తడి, గాలి తగిలి కొన్ని వారాలు ముదిరాకే అవి మనిషికి అంటుతాయి. మట్టిలో ఆడి, చెయ్యి నోట్లో పెట్టుకునే పిల్లలకే ఎక్కువ ముప్పు. వదలని జ్వరం, కార్జం వాపు, రక్తహీనత వస్తాయి. ఇది అరుదైన జబ్బు. కానీ వస్తే ప్రాణం మీదికి రావచ్చు. మనిషిలో దీన్ని ప్రపంచంలో తొలిసారి గుర్తించింది 1924లో. ఆ రోగి భారతదేశంలో పనిచేసిన ఒక బ్రిటిష్ సైనికుడు. కాబట్టి ఇది మన నేలకు కొత్త పురుగేమీ కాదు.

ఈ తూము మూయడానికి కావాల్సింది ఒక పార. చచ్చిన ఎలుకను ఉత్త చేత్తో పట్టుకోకండి, చేతికి కవరు తొడుక్కోండి. మోకాలి లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. కాల్చేస్తే మరీ మంచిది. గొయ్యి బావికి, చెరువుకి, పిల్లలు ఆడే చోటుకి దూరంగా ఉండాలి. అటక మీద ఎండిన పెంటికలను పొడి చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకండి. నీళ్లలో బ్లీచింగ్ కలిపి చల్లి, నాని మెత్తబడ్డాక గుడ్డతో తీసేయండి.

ఎలుకలు పట్టే అన్నదమ్ములకు

యానాది సోదరులారా, మీ మేలు ఈ ఊరు మర్చిపోకూడదు. కలుగు నోరు చూసి ఎలుక లోపలుందో లేదో చెప్పగల కళ్లు మీవి. పొగకుండ ఊది, తాటాకు బుట్ట పెట్టి మీరు పట్టే ఎలుకకు విషం అక్కర్లేదు, నీళ్లు పాడవవు. మీరు తినే తిండిని చూసి ముక్కు మూసుకునేవాళ్ల మాట పట్టించుకోకండి. మంటలో కాల్చి, కూరగా ఉడికిస్తే ఏ పురుగూ బతకదు.

ముప్పంతా కోసేటప్పుడు, పారేసేటప్పుడు. మొన్న గట్టు మీద ఒక అన్న పందికొక్కు పొట్ట కోస్తుంటే పక్కనే కూర్చున్నాను. కార్జం మీద శనగగింజంత తెల్లటి పొక్కు. కత్తిమొనతో గుచ్చాడు. చుట్టచుట్టుకున్న తెల్లటి పురుగు బయటికొచ్చింది. విప్పితే నా అరచెయ్యి దాటింది. అది పిల్లి బద్దెపురుగు పిల్ల. పిల్లి ఆ కార్జం తింటే దాని పేగులో పెద్దదై గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పడిన గింజను తిన్న ఎలుకకు మళ్లీ పొక్కు పుడుతుంది. మనిషికి ఇది సోకడం చాలా అరుదు.

"ఇలాంటి కార్జం మేం తినం అమ్మగారూ" అన్నాడు.

"మరేం చేస్తారన్నా?"

"కుక్కకేస్తాం."

ఆ ఒక్కటే మార్చమని అడిగాను. పేగులు, కార్జం ఏదీ కుక్కకు, పిల్లికి వేయొద్దు. అక్కడే గొయ్యి తీసి పూడ్చండి. చేతికి కోత ఉంటే గుడ్డ కట్టుకోండి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో ఉత్త కాళ్లతో తిరిగితే వచ్చే ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, పురుగు జబ్బు కాదు, బ్యాక్టీరియా వల్ల వస్తుంది. బూట్లు, చేతితొడుగులు దానికీ అడ్డు. వాటిని కొనుక్కోమని మీకు చెప్పడం న్యాయం కాదు. మీతో పని చేయించుకునే ఊరే కొనివ్వాలి.

నాలుగో తూము: చేను గట్టు

రైతన్నలారా, పురుగును మోసే ఎలుక కాపురముండేది గట్టులో. గట్టు బండెడు వెడల్పుంటే పందికొక్కు మేడ కట్టుకుంటుంది. గట్లను సన్నగా, గడ్డి లేకుండా ఉంచండి. గడ్డివామును ఇంటికి ఆనించి వేయకండి.

మందు పెట్టే పద్ధతి చాలామందికి తెలుసు, సగంలో వదిలేస్తారు. ఒకరోజు కనిపించిన కన్నాలన్నీ మట్టితో మూయాలి. మర్నాడు పొద్దున తిరిగి తెరుచుకున్న కన్నాల్లోనే ఎలుక ఉన్నట్టు. ఎర వాటిలోనే పెట్టాలి. 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల వంటనూనె, 20 గ్రాముల 0.25 శాతం బ్రోమోడయోలోన్ పొడి కలిపితే కిలో ఎర. దాన్ని 10 నుంచి 15 గ్రాముల పొట్లాలు కట్టి, కన్నంలో లోపలికంటా తోయాలి. ఇది వరి పొట్టదశకు ముందే చేయాలి. పంట పాలుపోసుకున్నాక ఎలుక మీ నూకలకేసి చూడదు.

ఒక్క రైతు పెడితే లాభం లేదు. పక్కచేను ఎలుకలు నాలుగు రోజుల్లో ఆ కన్నాలు ఆక్రమిస్తాయి. ఊరి ఆయకట్టంతా, కాలువగట్లు, రోడ్డుపక్కలు, శ్మశానం, బడి చుట్టూ ఒకేరోజు పెట్టాలి.

ఎర కలిపిన గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. పిల్లలు, కోళ్లు, కుక్కలు ఉన్నచోట ఎర బయట చల్లకండి. పొరపాటున ఎవరైనా తింటే ఒంట్లో బాగానే ఉందని ఇంట్లో కూర్చోబెట్టకండి. ఈ మందు లక్షణాలు రెండు మూడు రోజులు ఆలస్యంగా బయటపడతాయి. పొట్లం చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. విటమిన్ కె1 విరుగుడుగా ఇస్తారు. జెర్రిపోతును, గుడ్లగూబను కొట్టకండి. జీతం అడగని కాపలాదారులు అవి. చేలో అక్కడక్కడా కర్రలు నాటితే రాత్రి గుడ్లగూబ వాలి వేటాడుతుంది.

నులిపురుగుల మాత్ర సంగతి

2015లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఫిబ్రవరి 10న, చాలాచోట్ల ఆగస్టు 10న కూడా, 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. ఏలికపాములకు, కొంకిపురుగులకు, కొరడాపురుగులకు అది వేసేది. మంచి కార్యక్రమం. మీ పిల్లలకు తప్పక వేయించండి. కానీ ఎలుక బద్దెపురుగుకు ఆ మాత్ర మీద భరోసా పెట్టుకోలేం. పిల్లల్లో ఎక్కువగా కనిపించే మరుగుజ్జు బద్దెపురుగుకూ అంతే. ఎలుకల్లోనూ ఉండే ఆ మరుగుజ్జు పురుగు పిల్లల మధ్య చేతుల మురికితోనే ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. వాటికి వేరే మందు కావాలి. ఏ పురుగో తెలియాలంటే మలపరీక్ష చేయాలి.

నా మనసులో ముల్లులా ఉన్నది చెబుతున్నాను. నా ఉద్యోగంలో ఎన్నో ఏళ్లు "పిల్లలకి పురుగులు మామూలే, మాత్ర వేయండి" అన్న మాటను నేనూ వింటూ ఊరుకున్నాను. ఎన్ని పలకలు సరిగ్గా వెతకకుండా పక్కన పెట్టానో. ఆ ఆరేళ్ల పిల్లాడు నా కళ్లు తెరిపించాడు. మాత్ర వేసినా కడుపునొప్పి తగ్గని ప్రతి పిల్లకూ మలపరీక్ష జరగాలి. మలం డబ్బాలో తీసుకెళ్లడానికి సిగ్గుపడొద్దు. ఒక్కరోజు కనపడకపోతే మూడు రోజులు చేయించమని అడగండి.

వచ్చే గ్రామసభలో చేతులెత్తి అడుగుదాం

1. పంచాయతీ ఆధ్వర్యంలో ఆయకట్టంతా ఒకే రోజు సామూహిక ఎలుకల నివారణ జరగాలి. మందు, నూకలు రైతు సేవా కేంద్రం ద్వారా సకాలంలో అందాలి.

2. బడి, అంగన్‌వాడీ సరుకుకు మూత బిగుసుకునే స్టీలు డబ్బాలు, ఎత్తు బల్లలు, తలుపు కింద రేకు, కన్నాలకు సిమెంటు ఈ వేసవి సెలవుల్లోనే పూర్తి చేయాలి. బడి తెరిచే రోజుకు సిద్ధంగా ఉండాలి.

3. ఎలుకలు పట్టే సోదరులకు తలకింత కూలి, బూట్లు, చేతితొడుగులు పంచాయతీ ఇవ్వాలి. వారి మాట విని ఎక్కడ పట్టాలో నిర్ణయించాలి.

4. చచ్చిన ఎలుకలు పూడ్చడానికి ఊరికి ఒక చోటు, దానికి సున్నం, ఒక మనిషి ఉండాలి.

5. మన ఆరోగ్య కేంద్రంలో మలపరీక్ష క్రమంగా జరగాలి. బద్దెపురుగు మందు అందుబాటులో ఉండాలి. కడుపునొప్పి తగ్గని పిల్లల పేర్లు ఆశా కార్యకర్త రాసుకుని పరీక్షకు పంపాలి.

ఇందులో ఏదీ గొంతెమ్మ కోరిక కాదు. కొన్ని డబ్బాలు, కొన్ని పొట్లాలు, కొన్ని గాజు పలకలు. అంతే.

సభ దాకా ఆగకుండా ఈ వారం మనం చేసేది

సోమవారం: ప్రతి ఇంట్లో డబ్బాలు దింపి చూడటం. పురుగు పట్టినవి, పెంటికలు పడ్డవి పారబోయడం.

మంగళవారం: బస్తాలు జరిపి, కన్నాలు పూడ్చడం.

బుధవారం: అటక, గాదె కింద తడిపి శుభ్రం చేయడం.

గురువారం: పెరట్లో నత్తలు ఏరడం, నీళ్ల తొట్టెలకు మూతలు వేయడం.

శుక్రవారం: గట్ల మీద, కాలువ పక్కన కన్నాలన్నీ మూయడం. ఇంటికొకరు పారతో రావాలి.

శనివారం పొద్దున: తెరుచుకున్న కన్నాల్లో ఎర, బుట్టలు పెట్టడం.

ఆదివారం: ఆ రోజు నుంచి వారంపాటు చచ్చినవి ఏరి పూడ్చడం.

అమ్మాయిలూ, అబ్బాయిలూ! సెలవుల్లో ఉన్న కాలేజీ పిల్లలు వీధికి ఇద్దరు చొప్పున ముందుకు రండి. నా దగ్గర పాత మైక్రోస్కోపు ఒకటుంది. సభ రోజు రావిచెట్టు కింద బల్లమీద పెడతాను. ఎవరింటి అటుకుల డబ్బాలో పిండిపురుగులైనా తెండి. అది ఎంత చిన్న ప్రాణో, మన బిడ్డల మీదికి ఏం మోసుకు రాగలదో మీ కళ్లతో చూడండి. చూశాక ఇంటికెళ్లి మీరే మూత బిగిస్తారు.

డబ్బా మూత బిగిద్దాం - బిడ్డ కడుపు కాద్దాం!

ఉడికించి తిందాం - కడిగి తిందాం!

చచ్చిన ఎలుకను పూడుద్దాం - పురుగు దారిని మూద్దాం!

ఒక్కరు పెడితే ఎర - ఊరంతా పెడితే నివారణ!

చదివిన ఈ కాగితాన్ని చించకండి, పక్కింటికి ఇవ్వండి. పక్కింట్లో చిన్నపిల్లలుంటే ముందు వాళ్లకే ఇవ్వండి.

ఇట్లు,
మీ ఊరి ఆడపడుచు,
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్